0.2 సెకను డేటాతో కృష్ణ బిలాలను తూచడం ఎలా? గురుత్వ తరంగాలతో మీరే చేసుకోగల లెక్క

2015 సెప్టెంబర్ 14, మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, లివింగ్‌స్టన్ అనే ఊరి దగ్గర, నాలుగేసి కిలోమీటర్ల పొడవున్న రెండు గొట్టాల్లో పరుగెడుతున్న లేజర్ కాంతి కాస్త తడబడింది. 6.9 మిల్లీసెకన్ల తర్వాత, అక్కడికి 3,000 కిలోమీటర్ల దూరంలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లోనూ అదే తడబాటు కనిపించింది. అంతా కలిపి 0.2 సెకను. ఆ కాస్త సమయంలోనే రెండు కృష్ణ బిలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన కథ మొత్తం ఉందని, ఆ రెండు చోట్లా గురుత్వ తరంగాలను, అంటే స్థలాన్నే సాగదీస్తూ కుదిస్తూ వచ్చే అలలను, పట్టే లైగో డిటెక్టర్ల శాస్త్రవేత్తలు 2016 ఫిబ్రవరి 11న ప్రకటించారు. ఆ ఘటన పేరు జీడబ్ల్యూ150914. పేరులోని అంకెలు తేదీనే సూచిస్తాయి.

"వాళ్లు చెప్పారు కాబట్టి నమ్మాం" అని ఊరుకోనక్కర్లేదు. ఆ డేటా ఎవరైనా తీసుకోవచ్చు. అవి కృష్ణ బిలాలే అని తేల్చే లెక్క ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు అందుతుంది. గురుత్వాకర్షణ గురించి ఐన్‌స్టైన్ చెప్పింది నిలబడిందా లేదా అన్నది కూడా కొంతవరకు మన చేత్తోనే చూసుకోవచ్చు. ఈ మార్గదర్శిలో ఆ దారినంతా ఒక్కో మెట్టుగా రాస్తున్నాను. తొందరపడకుండా ఒక ఆదివారం కేటాయించండి.

కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న ల్యాప్‌టాప్, సైంటిఫిక్ కాలిక్యులేటర్, గ్రాఫ్ పేపర్. పైథాన్ వస్తే మంచిది. కొత్తవాళ్లయితే గూగుల్ కోలాబ్‌లో గ్విపై (GWpy) అనే ఉచిత లైబ్రరీని తెరుచుకుని, దాని ఉదాహరణల్లో ఘటన పేరు మార్చి నడపవచ్చు. డేటా ఉండే చోటు గ్రావిటేషనల్ వేవ్ ఓపెన్ సైన్స్ సెంటర్. డబ్బు కట్టనక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

మెట్టు 1: డేటా దించుకోవడం

ఆ సైట్‌లో జీడబ్ల్యూ150914 పేజీకి వెళితే హాన్‌ఫర్డ్‌కు, లివింగ్‌స్టన్‌కు వేర్వేరు ఫైళ్లు ఉంటాయి. సెకనుకు 4,096 కొలతలతో, 32 సెకన్ల పొడవున్న ఫైలు తీసుకోండి. ఒక్కో ఫైల్లో 1,31,072 అంకెలు ఉంటాయి. ఈ అంకెలను స్ట్రెయిన్ అంటారు. గొట్టం పొడవు ఎంత మారిందో, దాన్ని అసలు పొడవుతో భాగిస్తే వచ్చేదే స్ట్రెయిన్.

సిగ్నల్ శిఖరం దగ్గర ఆ విలువ సుమారు 10⁻²¹. అంటే 4 కిలోమీటర్ల పొడవులో వచ్చిన మార్పు ప్రోటాన్ వ్యాసంలో 400వ వంతు మాత్రమే. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి మెట్టులో నిరుత్సాహం రాదు. ఎందుకంటే ఫైలు తెరిచి నేరుగా గ్రాఫ్ గీస్తే సిగ్నల్ అసలు కనిపించదు. పెద్దగా, నెమ్మదిగా ఊగే నాయిస్ ఒక్కటే కనిపిస్తుంది. డేటా తప్పేమో అనుకోకండి, అది అలాగే ఉండాలి.

మెట్టు 2: నాయిస్ కడగడం

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డిటెక్టర్‌లో నాయిస్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉండదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో భూమి కదలికల వల్ల విపరీతంగా ఉంటుంది. 60 హెర్ట్జ్ దగ్గర అమెరికా కరెంటు సరఫరా గీత నిటారుగా లేస్తుంది (మన దగ్గరైతే అది 50 దగ్గర వచ్చేది). 500 హెర్ట్జ్ చుట్టుపక్కల, అద్దాలను వేలాడదీసిన సన్నని గాజు తీగలు వయొలిన్ తీగల్లా మోగుతుంటాయి. ఈ ఎగుడుదిగుళ్లను చదును చేయడాన్ని వైటెనింగ్ అంటారు. ఏ ఫ్రీక్వెన్సీలో నాయిస్ ఎక్కువగా ఉందో అక్కడ డేటాను ఆ మేరకు తగ్గించడమే ఆ పని. ఆ తర్వాత 35 నుంచి 350 హెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని మాత్రం ఉంచి మిగతాది వడగట్టేయండి. 60 గీతను విడిగా తీసేయండి.

రెండు జాగ్రత్తలు. మొదటిది, సిగ్నల్ ఉన్న ఒక్క సెకనును ముందే కత్తిరించుకుని దాని మీద వైటెనింగ్ చేయకండి. నాయిస్ స్వభావం తెలియాలంటే పొడవైన డేటా కావాలి. 32 సెకన్లూ వాడి, కడిగాక కత్తిరించండి. రెండోది, కడిగిన డేటాకు రెండు చివర్లా నకిలీ కుదుపులు వస్తాయి. వాటిని చూసి సిగ్నల్ దొరికిందనుకోకండి, ఆ చివరలు వదిలేయండి.

ఇప్పుడు గ్రాఫ్ గీయండి. జీపీఎస్ సమయం (ఫైల్లో సెకన్లలో లెక్కపెట్టే గడియారం) 1126259462.4 చుట్టూ 0.2 సెకను మేర అలలు కనిపిస్తాయి. వస్తూ వస్తూ దగ్గర పడుతూ, ఎత్తు పెరుగుతూ, ఒక్కసారిగా ఆగిపోతాయి. దీన్ని శబ్దంగా మారిస్తే పిట్ట కూతలా ఉంటుంది. అందుకే దానికి చిర్ప్ అని పేరు. ఆ అలలు మొదటిసారి మీ స్క్రీన్ మీద, మీరు కడిగిన డేటాలోంచి లేచినప్పుడు కలిగే సంతోషం వేరు. 130 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన కదలిక అది.

మెట్టు 3: నిజమైన సిగ్నలేనా?

ఒక్క డిటెక్టర్‌లో ఏదో కుదుపు కనిపించినంత మాత్రాన నమ్మకూడదు. పరికరాల్లో గ్లిచ్‌లు మామూలే. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

హాన్‌ఫర్డ్ డేటాను 6.9 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి. మన ఫైల్లో అది దాదాపు 28 కొలతల దూరం. తర్వాత దాని గుర్తు తిప్పండి, అంటే ప్లస్‌ను మైనస్ చేయండి. రెండు చోట్లా గొట్టాలు వేర్వేరు దిక్కులకు ఉండటం వల్ల అలా తిప్పాల్సి వస్తుంది. ఇప్పుడు రెండు గ్రాఫ్‌లూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కాంతి ఈ రెండు చోట్ల మధ్య ప్రయాణించడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. గురుత్వ తరంగం కాంతి వేగంతో వస్తే తేడా 10 కన్నా ఎక్కువ ఉండకూడదు. 6.9 ఆ హద్దులోనే ఉంది.

లైగో వాళ్లు ఇంకో పద్ధతి కూడా వాడతారు. అది నాకు చాలా నచ్చింది. ఒక డిటెక్టర్ డేటాను 10 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువగా పక్కకు జరిపి, రెండింటిలో జతగా ఏమైనా దొరుకుతాయేమో వెతుకుతారు. అలా దొరికినవన్నీ తప్పకుండా యాదృచ్ఛికమే, ఎందుకంటే నిజమైన తరంగం అంత తేడాతో రాలేదు. ఇలా రకరకాలుగా జరిపి, 16 రోజుల డేటాతోనే లక్షల ఏళ్లకు సరిపడా నకిలీ పరీక్షలు చేశారు. ఇంత బలమైన జత యాదృచ్ఛికంగా 2,03,000 ఏళ్లకు ఒకసారి కూడా రాదని తేలింది.

నాయిస్‌లో మునిగిపోయిన బలహీనమైన సిగ్నళ్లు ఇలా కంటికి కనిపించవు. వాటికి మ్యాచ్‌డ్ ఫిల్టరింగ్ కావాలి. ముందే లెక్కగట్టిన లక్షల నమూనా తరంగాలను ఒక్కొక్కటిగా డేటాతో పోల్చి చూడడమే ఆ పద్ధతి. మొదటి విడత పరిశీలనల్లోనే దాదాపు రెండున్నర లక్షల నమూనాలు వాడారు. కలిసిపోయే జంట నక్షత్రాల కోసం ఈ పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయూకాలో పనిచేసిన సంజీవ్ ధురంధర్, బి.ఎస్. సత్యప్రకాశ్ ఉన్నారు. 1991 నాటికే వాళ్లు దీని మీద పేపర్ రాశారు.

మెట్టు 4: ఫ్రీక్వెన్సీ కొలవడం

ఇక గ్రాఫ్ పేపర్ తీయండి. అల సున్నా గీతను దాటిన ప్రతిచోటా సమయం రాసుకోండి. పక్కపక్క రెండు దాటింపుల మధ్య సమయం సగం ఆవర్తన కాలం. దాన్ని రెండింతలు చేసి, ఒకటిని దానితో భాగిస్తే ఆ చోట ఫ్రీక్వెన్సీ వస్తుంది. మొదట్లో 35 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, శిఖరం దగ్గర 150కి చేరుతుంది, చివరకు 250 దాకా పోతుంది. ఈ మధ్యలో ఎనిమిది ఆవర్తనాలు లెక్కకు వస్తాయి.

ఒక మాట మరిచిపోకండి. తరంగం ఫ్రీక్వెన్సీ కక్ష్య ఫ్రీక్వెన్సీకి రెండింతలు. రెండు బిలాలు సగం చుట్టు తిరిగేసరికే ఆకారం మళ్లీ మొదటిలాగే కనిపిస్తుంది కాబట్టి ఒక చుట్టుకు రెండు అలలు వస్తాయి. ఈ రెండును మరిచిపోతే తర్వాతి లెక్కలన్నీ గాడి తప్పుతాయి.

మెట్టు 5: చిర్ప్ మాస్

రెండు వస్తువులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ గురుత్వ తరంగాల రూపంలో శక్తి కోల్పోతాయి. శక్తి పోయే కొద్దీ దగ్గరవుతాయి, దగ్గరయ్యే కొద్దీ వేగంగా తిరుగుతాయి, వేగం పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ శక్తి కోల్పోతాయి. ఫ్రీక్వెన్సీ ఎంత తొందరగా పెరుగుతుందన్నది రెండు ద్రవ్యరాశుల నుంచి వచ్చే ఒకే ఒక్క సంఖ్య మీద ఆధారపడుతుంది. అదే చిర్ప్ మాస్. ఐన్‌స్టైన్ సమీకరణాల నుంచి వచ్చే సూత్రంలో స్థిరాంకాలన్నీ వేసేస్తే మన లెక్క ఇంత సులువవుతుంది:

చిర్ప్ మాస్ = 3,066 ÷ (ఫ్రీక్వెన్సీ ఘాతం 1.6 × మిగిలిన సమయం ఘాతం 0.6)

జవాబు సూర్యుడి ద్రవ్యరాశికి ఎన్ని రెట్లో వస్తుంది. ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లో, విలీనానికి మిగిలిన సమయం సెకన్లలో వేయాలి. ఉదాహరణకు 50 హెర్ట్జ్ దగ్గరి నుంచి విలీనానికి 0.066 సెకను మిగిలిందని మీ గ్రాఫ్‌లో తేలిందనుకుందాం. 50 ఘాతం 1.6 అంటే సుమారు 523. 0.066 ఘాతం 0.6 అంటే 0.196. గుణిస్తే 102.4. దానితో 3,066ను భాగిస్తే 30. చిర్ప్ మాస్ 30 సూర్యులు.

చేత్తో కొలిచినప్పుడు ఈ 30 కాస్త అటూ ఇటూ అవుతుంది. ఒక్క బిందువును నమ్ముకోవడం కన్నా మెరుగైన దారి ఉంది. ప్రతి బిందువు దగ్గర ఫ్రీక్వెన్సీ ఘాతం మైనస్ 8/3 లెక్కగట్టి, దాన్ని సమయంతో పాటు గ్రాఫ్ మీద పెట్టండి. బిందువులు దాదాపు సరళరేఖలో వస్తాయి. ఆ గీతను పొడిగిస్తే సున్నాను తాకే చోటే విలీన సమయం. అలా విలీన సమయాన్ని కంటితో ఊహించే అవసరం కూడా తప్పుతుంది. 100 హెర్ట్జ్ దాటిన బిందువులను మాత్రం ఈ గీతలో కలపకండి. అక్కడ బిలాలు మరీ దగ్గరైపోయి ఈ సులువైన సూత్రం పనిచేయదు.

మెట్టు 6: కృష్ణ బిలాలే అని ఎలా అంటాం?

నాకు ఈ మొత్తం దారిలో అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది.

రెండు ద్రవ్యరాశులూ సమానమైతే మొత్తం ద్రవ్యరాశి చిర్ప్ మాస్‌కు 2.3 రెట్లు, అంటే సుమారు 70 సూర్యులు. సమానం కాకపోతే మొత్తం ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు. ఇప్పుడు శిఖరం దగ్గర తరంగం 150 హెర్ట్జ్, కాబట్టి కక్ష్య సెకనుకు 75 చుట్లు. 70 సూర్యుల బరువు సెకనుకు 75 చుట్లు తిరుగుతోంది! వాటి మధ్య దూరం ఎంత?

కెప్లర్ మూడో నియమం చాలు. 13,270 కోట్లను (గురుత్వ స్థిరాంకాన్ని సూర్యుడి ద్రవ్యరాశితో గుణిస్తే కిలోమీటర్లు, సెకన్ల కొలతలో వచ్చే సంఖ్య ఇది) 70తో గుణించండి, 9.29 లక్షల కోట్లు వస్తుంది. కక్ష్య ఫ్రీక్వెన్సీ 75ను 6.283తో గుణించి వర్గం చేయండి, 2.22 లక్షలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 4.18 కోట్లు. దాని ఘనమూలం 347. అంటే రెండింటి మధ్య దూరం సుమారు 350 కిలోమీటర్లు.

సూర్యుడి వ్యాసార్ధమే 7 లక్షల కిలోమీటర్లు. 70 సూర్యుల పదార్థం 350 కిలోమీటర్ల మధ్య తిరుగుతూ, ఒకదాన్నొకటి తాకకుండా ఉండాలంటే మామూలు నక్షత్రాలకు సాధ్యమే కాదు. న్యూట్రాన్ నక్షత్రాలా? అవి సూర్యుడికి మూడు రెట్లు మించి ఉండలేవు. ఒకటి న్యూట్రాన్ నక్షత్రం, రెండోది కృష్ణ బిలం అనుకుందామా? రెండు సూర్యుల బరువున్న న్యూట్రాన్ నక్షత్రంతో చిర్ప్ మాస్ 30 రావాలంటే రెండోది 1,700 సూర్యులకు పైగా ఉండాలి. అంత పెద్ద బిలం దగ్గర కథ కొద్ది హెర్ట్జ్‌లోనే ముగిసిపోతుంది, 150 దాకా రాదు. 70 సూర్యుల కృష్ణ బిలాల వ్యాసార్ధాలు కలిపితే సుమారు 207 కిలోమీటర్లు. అవి మాత్రం 350లో పడతాయి. ఇంకేవీ పట్టవు.

మెట్టు 7: దూరం

దీన్ని క్లుప్తంగా ముగిస్తాను. 30 సూర్యుల చిర్ప్ మాస్, 150 హెర్ట్జ్ వేసి సూత్రాన్ని సులభం చేస్తే స్ట్రెయిన్ అంటే 30 కిలోమీటర్లను దూరంతో భాగించడమే. స్ట్రెయిన్ 10⁻²¹ అయితే దూరం దాదాపు 300 కోట్ల కాంతి సంవత్సరాలు. ఇది గరిష్ఠ హద్దు మాత్రమే. కక్ష్య మనవైపు నేరుగా తిరిగి ఉండి, డిటెక్టర్ కూడా సరైన దిక్కులో ఉంటేనే అంత దూరం. పూర్తి విశ్లేషణలో వచ్చింది 130 కోట్లు. అంత దూరం రావడంలో విశ్వం సాగడం వల్ల తరంగాలన్నీ 9 శాతం సాగి, ఫ్రీక్వెన్సీలు ఆ మేరకు తగ్గాయి. కాబట్టి మన 70ని 1.09తో భాగించాలి. అసలు ద్రవ్యరాశి 65 సూర్యులకు దగ్గరగా వస్తుంది. ప్రచురించిన విలువలు 36, 29. చివరికి మిగిలిన బిలం 62. తేడా మూడు సూర్యులు తరంగాలుగా వెళ్లిపోయాయి.

మెట్టు 8: గురుత్వాకర్షణను పరీక్షించడం

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా పెట్టుకోవాలి. ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని వాడి కొలిచి, ఆ కొలతతోనే ఐన్‌స్టైన్ గెలిచాడంటే అది పరీక్ష కాదు. ఒకే సిగ్నల్‌లోని రెండు వేర్వేరు భాగాలు విడివిడిగా ఒకే జవాబు చెబుతున్నాయా అని చూడాలి.

మొదటి పరీక్ష మీరు అయిదో మెట్టులోనే చేసేశారు. ఘాతం మైనస్ 8/3 వేసినప్పుడు గీత సరళరేఖగా వచ్చిందంటే, శక్తి కోల్పోయే తీరు సిద్ధాంతం చెప్పినట్టే ఉంది. ఆ సూత్రానికి పైన వచ్చే సూక్ష్మమైన సవరణలను దశాబ్దాల పాటు లెక్కగట్టినవాళ్లలో బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన బాలా అయ్యర్ ఒకరు. పెద్ద విశ్లేషణల్లో ఆ సవరణలను ఒక్కొక్కటిగా కదిపి, డేటా ఒప్పుకుంటుందో లేదో చూస్తారు.

రెండోది రింగ్‌డౌన్. కలిసిపోయాక కొత్త బిలం గంట కొట్టినట్టు మోగి ఆగిపోతుంది. కృష్ణ బిలం ఇలా మోగుతుందని 1970లోనే లెక్కగట్టి చూపినవాడు సి.వి. విశ్వేశ్వర. 2017 జనవరిలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆ మోత మనకు వినబడి ఏడాదిన్నర కూడా కాలేదు. బిలం ద్రవ్యరాశి, భ్రమణం తెలిస్తే ఆ మోత ఫ్రీక్వెన్సీ, ఎంతసేపట్లో తగ్గుతుందన్నది రెండూ తెలిసిపోతాయి. ఈ బిలం భ్రమణం 0.67 (గరిష్ఠం 1). ఆ భ్రమణానికి 16,900ను ద్రవ్యరాశితో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. సాగుదల కలిపి 68 సూర్యులు వేస్తే 248 హెర్ట్జ్. మోత 4 మిల్లీసెకన్లలో మూడో వంతుకు తగ్గాలి. ఇప్పుడు మీ గ్రాఫ్‌లో శిఖరం తర్వాతి భాగం చూడండి. ఒకటి రెండు అలలే ఉంటాయి కాబట్టి చేత్తో గట్టిగా తేల్చలేం. కానీ 250 చుట్టుపక్కలే ఉందని కంటికి తెలుస్తుంది.

మూడోది వైశాల్యం. విలీనం తర్వాత కృష్ణ బిలాల మొత్తం ఉపరితల వైశాల్యం తగ్గకూడదని 1971లో స్టీఫెన్ హాకింగ్ చెప్పాడు. తిరగని బిలం వైశాల్యం చదరపు కిలోమీటర్లలో కావాలంటే ద్రవ్యరాశి వర్గాన్ని 109.6తో గుణించండి. 36కు 1.42 లక్షలు, 29కి 92 వేలు, మొత్తం 2.34 లక్షలు. చివరి బిలం తిరుగుతోంది కాబట్టి దానికి వచ్చిన విలువను మళ్లీ 0.87తో గుణించాలి. 62కు 3.67 లక్షలు. బరువు తగ్గింది, వైశాల్యం పెరిగింది.

అయితే ఈ లెక్కలో నేను వాడిన 62, 0.67 పూర్తి సిద్ధాంతాన్ని నమ్మి తీసినవే. అసలైన పరీక్షకు ముందు భాగం నుంచి మొదటి వైశాల్యాన్ని, కేవలం రింగ్‌డౌన్ నుంచి చివరి వైశాల్యాన్ని విడిగా తీయాలి. 2025 జనవరి 14న వచ్చిన జీడబ్ల్యూ250114 దానికి సరిగ్గా సరిపోయింది. దాదాపు అవే ద్రవ్యరాశులు, దాదాపు అంతే దూరం. కానీ పదేళ్లలో డిటెక్టర్లు మెరుగుపడడంతో సిగ్నల్ మూడు రెట్లు స్పష్టంగా వచ్చింది. ముందు 2.4 లక్షల చదరపు కిలోమీటర్లు, తర్వాత సుమారు 4 లక్షలు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 2.75 లక్షలు. ఆ కొలతతో ఊహించుకోండి.

నాలుగోది వేగం. దీనికి జీడబ్ల్యూ170817 కావాలి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిశాయి. తరంగాలు వచ్చాక 1.7 సెకన్లకు గామా కిరణాలు చేరాయి. దూరం 13 కోట్ల కాంతి సంవత్సరాలు. 13 కోట్ల ఏళ్లలో ఎన్ని సెకన్లో లెక్కగట్టి 1.7ను దానితో భాగించండి. 4 × 10⁻¹⁶ వస్తుంది. కాంతికీ గురుత్వానికీ వేగంలో ఏదైనా తేడా ఉంటే అది కోటి కోట్లలో ఒక్క వంతు కన్నా తక్కువే. గామా కిరణాలు అక్కడే ఆలస్యంగా పుట్టి ఉండొచ్చు కాబట్టి హద్దులు కాస్త విశాలంగానే వేశారు. అయినా డార్క్ ఎనర్జీ (విశ్వం సాగే వేగాన్ని పెంచుతోందని భావించే శక్తి) అవసరం లేకుండా విశ్వాన్ని వివరిస్తామన్న గురుత్వ సిద్ధాంతాలు కొన్ని ఆ ఒక్క రోజుతో పక్కకు పోయాయి.

రెండు డిటెక్టర్లతో ఆకాశంలో చోటు తేల్చడం కష్టం. 2015 ఘటనకు దొరికింది 600 చదరపు డిగ్రీల పెద్ద ముక్క. ఇటలీలోని వర్గో అనే మూడో డిటెక్టర్ కూడా ఉండబట్టే 2017 నాటిది 28కి తగ్గి, టెలిస్కోపులు ఆ గెలాక్సీని పట్టుకోగలిగాయి. లైగో ఇండియా అవసరం అందుకే. 2023 ఏప్రిల్‌లో కేంద్ర క్యాబినెట్ 2,600 కోట్ల రూపాయలతో దానికి అనుమతి ఇచ్చింది. చోటు మహారాష్ట్ర హింగోలి జిల్లాలోని ఔంఢా, ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని ప్రాంతమే.

మెట్టు 9: రెండో ఘటన

ఇంతవరకు వచ్చినవాళ్లు వెంటనే జీడబ్ల్యూ190521 లాంటి భారీ బిలాల మీదికి వెళ్లకండి. అందులో కొద్ది అలలే ఉంటాయి, సున్నా దాటింపులతో ఏమీ తేలదు. జీడబ్ల్యూ170817నే తీసుకోండి. దీని స్ట్రెయిన్ బలహీనం కాబట్టి అలలు కనిపించవు. సమయాన్ని అడ్డంగా, ఫ్రీక్వెన్సీని నిలువుగా పెట్టి స్పెక్ట్రోగ్రామ్ గీయండి. పైకి వంగుతూ పోయే సన్నని గీత కంటికే కనిపిస్తుంది. లివింగ్‌స్టన్ డేటాలో విలీనానికి 1.1 సెకన్ల ముందు ఒక పెద్ద గ్లిచ్ ఉంది. శుభ్రం చేసిన ఫైలు కూడా అదే సైట్‌లో దొరుకుతుంది, అదే వాడండి.

గీత 100 హెర్ట్జ్ దాటిన చోటి నుంచి చివరి దాకా ఎంత సమయమో కొలవండి. 2.2 సెకన్లకు దగ్గరగా రావాలి. అయిదో మెట్టు సూత్రంలో వేస్తే చిర్ప్ మాస్ 1.2 వస్తుంది. 2.3తో గుణిస్తే మొత్తం 2.76 సూర్యులు. సమానంగా పంచితే ఒక్కోటి 1.4 సూర్యులకు కాస్త తక్కువ. మెట్టు 6 మళ్లీ చేసి, ఈసారి జవాబు ఎందుకు మారుతుందో మీరే రాసుకోండి.